అప్పట్లో హైదరాబాద్ డబ్బు మక్కాకు.. ఇప్పుడు తెలుగోళ్ల చెమట గల్ఫ్‌కు! ఆయిల్, ఇస్లాం, రాజకీయం ఎలా ముడిపడ్డాయి?

ఖమ్మం జిల్లా బోనకల్ నుంచి హజ్‌కు వెళ్లే ముస్లిం యాత్రికుడికి మక్కాలో ఉచిత బస దొరికే చాన్స్ ఉంది. పక్కనే ఏపీలో ఉన్న జగ్గయ్యపేట యాత్రికుడికి ఆ చాన్స్ లేదు. రెండూ తెలుగు ఊళ్లే, మధ్య దూరం కూడా తక్కువే. మరి ఈ తేడా ఎందుకు? దీనికి సమాధానం వెతికితే ఆయిల్ బయటపడకముందు అరబ్ దేశాలు ఎలా బతికాయో తెలుస్తుంది. ఇవాళ గల్ఫ్‌లో మతం, డబ్బు, అధికారం ఎందుకింత గట్టిగా ముడిపడ్డాయో కూడా అర్థమవుతుంది.

పెట్రోల్ రేటు పెరిగినా, గల్ఫ్‌లో గొడవ మొదలైనా వాట్సాప్‌లో రెండు మాటలు తిరుగుతుంటాయి. "అదంతా మతం గొడవ" అని ఒకరు, "అదంతా ఆయిల్ గొడవ" అని ఇంకొకరు. రెండూ సగం నిజాలే. మిగతా సగం ఏంటో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

బోనకల్‌కు, మక్కాకు లింక్ ఏంటి?

మక్కాలో 'హైదరాబాద్ రుబాత్' అనే వసతి ఉంది. రుబాత్ అంటే యాత్రికులు దిగే సత్రం లాంటిది. హజ్‌కు వెళ్లే తమ సంస్థానం ప్రజల కోసం నిజాంలు ఈ ఏర్పాటు చేశారు. ఆ సంస్థానం ఎప్పుడో పోయినా సత్రం రూల్ మాత్రం మారలేదు. పూర్వ హైదరాబాద్ సంస్థానంలోని ప్రాంతాల వాళ్లకే, అంటే తెలంగాణతో పాటు ఇప్పుడు మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఉన్న పాత నిజాం జిల్లాల వాళ్లకే ఇక్కడ ఉచిత బస. అడిగేవాళ్లు ఎక్కువ, గదులు తక్కువ కాబట్టి లాటరీ తీస్తారు.

బోనకల్ నిజాం ఏలుబడిలో ఉన్న ఊరు. కాజీపేట - విజయవాడ రైలు మార్గం కూడా నిజాం రైల్వే వేసిందే. ఆ దారిలో బోనకల్, మధిర, ఎర్రుపాలెం దాటితే ఏపీ వస్తుంది. అప్పట్లో అది బ్రిటిష్ వాళ్ల మద్రాస్ ప్రెసిడెన్సీ. జగ్గయ్యపేట అటువైపు ఉండిపోయింది. ఎప్పుడో చెరిగిపోయిన సంస్థానం సరిహద్దు ఇవాళ్టికీ మక్కాలో చెల్లుతోందన్నమాట.

ఇక్కడే ఒక ప్రశ్న వస్తుంది. ప్రపంచంలోనే డబ్బున్న దేశాల్లో ఒకటైన సౌదీలో హైదరాబాద్ రాజులు సత్రం కట్టించాల్సిన అవసరం ఏమొచ్చింది? ఎందుకంటే అప్పట్లో సీన్ పూర్తిగా రివర్స్‌లో ఉండేది.

అరబ్బులే ఉద్యోగాలకు హైదరాబాద్ వచ్చిన రోజులు

హైదరాబాద్ పాతబస్తీ దగ్గర బార్కస్ తెలుసు కదా? 'బ్యారక్స్' అన్న మాటే బార్కస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బులు ఉన్న చోటది. అప్పట్లో అరేబియా నుంచి కూలీనాలీ, ఉద్యోగం వెతుక్కుంటూ దక్కన్‌కు వచ్చేవాళ్లు. అలా వచ్చి జమేదార్ అయిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ కుటుంబం, ఇక్కడ సంపాదించిన డబ్బుతో సొంత ప్రాంతంలో ఏకంగా ఒక రాజ్యమే నిలబెట్టింది. ముకల్లా రాజధానిగా ఆ ఖుఐతీ సుల్తానేట్ 1967 వరకు నడిచింది.

కువైట్, బహ్రెయిన్ లాంటి చోట్ల ప్రధాన ఆదాయం సముద్రంలో ముత్యాల వేట. ఆ ముత్యాలకు పెద్ద మార్కెట్ బొంబాయి. అక్కడి నుంచి వాటిని కొన్నవాళ్లలో హైదరాబాద్ నవాబులూ ఉన్నారు. 1930ల నాటికి జపాన్ పెంపుడు ముత్యాలు మార్కెట్‌ను ముంచెత్తడంతో ఆ వ్యాపారం కుప్పకూలింది. ఇంకో విషయం.. గల్ఫ్‌లో చాలాచోట్ల చెల్లిన కరెన్సీ మన రూపాయే. 1959లో రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ కోసమే ప్రత్యేక నోట్లు కూడా అచ్చు వేసింది. కొన్ని దేశాలు ముందే దాన్ని వదిలేశాయి, 1966లో భారత్ రూపాయి విలువ తగ్గించాక మిగతావి కూడా క్రమంగా వదిలేశాయి.

మతం విషయంలోనూ అంతే. 1924లో టర్కీ ఖలీఫా పదవిని రద్దు చేసి, చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్‌ను దేశం నుంచి పంపేసింది. ఫ్రాన్స్‌లో తలదాచుకున్న ఆయనకు నెలకు 300 పౌండ్లు పంపించింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1931లో ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్‌కు, నిజాం పెద్ద కొడుకు ఆజం జాకు నీస్ నగరంలో పెళ్లి జరిగింది. ముస్లిం ప్రపంచంలో పెద్దరికం కావాలంటే దానికి డబ్బుండాలి. అప్పుడా డబ్బు హైదరాబాద్‌లో ఉంది.

1744లో ఒక ఒప్పందం.. 1938లో ఒక బావి

ఇక సౌదీ కథకు వద్దాం. 1744లో దిరియాలో ఒక ఒప్పందం కుదిరింది. ఒకవైపు స్థానిక పాలకుడు ముహమ్మద్ ఇబ్న్ సౌద్. ఇంకోవైపు మత సంస్కర్త ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహాబ్. సింపుల్‌గా చెప్పాలంటే డీల్ ఇది: పాలన సౌద్ కుటుంబానిది, మతం విషయంలో మాట వహాబ్ వర్గానిది. ఒకరికొకరు అండ.

ఆ వంశానికే చెందిన అబ్దుల్ అజీజ్ 1902లో రియాద్‌ను, 1924లో మక్కాను స్వాధీనం చేసుకున్నారు. 1932లో సౌదీ అరేబియా రాజ్యం ప్రకటించారు. అయితే ఖజానా ఖాళీ. రాజ్యానికి ప్రధాన ఆదాయం హజ్ యాత్రికుల దగ్గర వసూలు చేసే ఫీజులే. ప్రపంచవ్యాప్త ఆర్థిక మాంద్యంతో యాత్రికులు బాగా తగ్గిపోయారు. రాజు అప్పుల్లో పడ్డారు.

అలాంటి టైంలో 1933లో అమెరికా కంపెనీ స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియాకు ఆయిల్ వెతికే హక్కులు ఇచ్చారు. మొదట చేతికొచ్చింది 35,000 పౌండ్ల విలువైన బంగారం. కొన్నేళ్లు బావులు తవ్వినా ఫలితం పెద్దగా లేదు. 1938 మార్చిలో దమ్మామ్‌లోని 7వ నంబర్ బావి నుంచి భారీగా ఆయిల్ వచ్చింది. సీన్ మొత్తం అక్కడే మారిపోయింది.

1945 ఫిబ్రవరి 14న అమెరికా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్, రాజు అబ్దుల్ అజీజ్‌ను సూయజ్ కాలువలో యుద్ధనౌక మీద కలిశారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అమెరికా - సౌదీ బంధం రెండు విషయాల మీద నిలబడింది. ఆయిల్ సరఫరా అటు, భద్రత ఇటు. అలా పాత ఒప్పందానికి మూడో పార్ట్‌నర్ తోడయ్యాడు.

పన్ను లేదు.. అడిగే హక్కూ లేదు!

అసలు పాయింట్ ఇదే. మామూలుగా ప్రభుత్వం జనం దగ్గర పన్ను వసూలు చేస్తుంది. పన్ను కట్టినవాడు "నా డబ్బు ఏం చేశావు?" అని నిలదీస్తాడు. భూమిలోంచే డబ్బు వస్తుంటే పాలకుడికి జనం పన్నుతో పనిలేదు. ఆయనే జనానికి ఎదురిస్తాడు. ఉద్యోగం, ఇల్లు, కరెంటు, చదువు అన్నీ ఆయన చలవే. ఇక అడిగేదెవరు?

దీనికి కువైట్ మంచి ఉదాహరణ. ఆయిల్‌కు ముందు అక్కడ అమీర్ ఖర్చులు నడిచింది ముత్యాల వ్యాపారులు కట్టే పన్నులతోనే. అందుకే వాళ్ల మాటకు విలువ ఉండేది. 1938లో ఆ వ్యాపారులు ఒక సభ పెట్టి పాలనలో వాటా అడిగారు. అదే ఏడాది బుర్గాన్‌లో ఆయిల్ పడింది. నెలలు తిరక్కుండానే అమీర్ ఆ సభను రద్దు చేశారు. తర్వాత కువైట్‌కు 1962లో రాజ్యాంగం, ఆ వెంటనే ఎన్నికైన పార్లమెంట్ వచ్చాయి. కానీ ఆ పార్లమెంట్ చాలాసార్లు రద్దయింది. చివరిగా 2024 మేలో అమీర్ పార్లమెంట్‌ను రద్దు చేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణలను కూడా పక్కన పెట్టారు.

అయితే డబ్బు ఒక్కటే సరిపోదు. "ఈ కుటుంబమే ఎందుకు ఏలాలి?" అన్న ప్రశ్నకు జవాబు కావాలి. ఎన్నికలు లేని చోట ఆ జవాబు మతం నుంచి తెచ్చుకుంటారు. సౌదీ రాజులు పవిత్ర క్షేత్రాల రక్షణను తమ అర్హతగా చూపించారు. 1986లో రాజు ఫహద్ తన బిరుదునే 'రెండు పవిత్ర మసీదుల సేవకుడు'గా మార్చుకున్నారు.

1973, 1979: ప్రపంచాన్ని కుదిపేసిన రెండు ఏళ్లు

1973 అక్టోబర్‌లో అరబ్ దేశాలు, ఇజ్రాయెల్ మధ్య యుద్ధం వచ్చింది. ఇజ్రాయెల్‌కు సాయం చేసిన అమెరికాకు, మరికొన్ని దేశాలకు అరబ్ దేశాలు ఆయిల్ ఆపేశాయి. బ్యారెల్ 3 డాలర్ల దగ్గర ఉన్న రేటు 1974 మొదట్లోకి వచ్చేసరికి 12 డాలర్లకు దగ్గరైంది. గల్ఫ్ దేశాల మీద డబ్బు వర్షం కురిసింది.

ఆ డబ్బులో కొంత మతం కోసం బయటి దేశాలకు వెళ్లింది. మసీదులు, మదరసాలు, స్కాలర్‌షిప్‌లు, పుస్తకాలు. మదీనాలోని ప్రింటింగ్ కాంప్లెక్స్ ఎన్నో భాషల్లో ఖుర్‌ఆన్ అనువాదాలు అచ్చు వేసింది. వాటిలో తెలుగు కూడా ఉంది. వీటితో పాటు సౌదీ తరహా మత ఆలోచన కూడా ప్రయాణించింది. సమాధుల దగ్గర మొక్కులను ఆ ఆలోచన ఒప్పుకోదు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగను హిందువులు, ముస్లింలు కలిసి చేస్తారు. దర్గాలకు అన్ని మతాల వాళ్లూ వెళ్తారు. ఇది సరైనదా కాదా అన్న వాదన ముస్లింలలో ఆయిల్ రాకముందు నుంచే ఉంది. గల్ఫ్ డబ్బు ఒకవైపు గొంతును పెంచింది, అంతే. పీర్ల పండుగ మాత్రం ఆగలేదు.

ఇక 1979. ఆ ఏడాది మొదట్లో ఇరాన్‌లో షా ప్రభుత్వం కూలింది. అంతకుముందు ఏడాది చివర్లో ఆయిల్ కార్మికుల సమ్మె షా నడుము విరిచింది. ఖొమైనీ నాయకత్వంలో మతగురువుల పాలన వచ్చింది. "ఇస్లాంలో రాచరికానికి చోటు లేదు" అన్నది వాళ్ల వాదన. అంటే ఇస్లాం పేరుతోనే సౌదీ రాజుల అర్హతను ప్రశ్నించారు.

నవంబర్ 20న సౌదీలోనే పిడుగు పడింది. జుహైమాన్ అనే వ్యక్తి, సాయుధులైన అతని అనుచరులు మక్కాలోని పెద్ద మసీదును ఆక్రమించారు. రాజకుటుంబం దారి తప్పిందన్నది వాళ్ల ఆరోపణ. మసీదు ఆవరణలో ఆయుధం వాడటానికి రాజుకు మతపెద్దల ఫత్వా కావాల్సి వచ్చింది. సుమారు రెండు వారాలకు గానీ పరిస్థితి అదుపులోకి రాలేదు. ఆ తర్వాత దేశంలో మతపెద్దల పట్టు మరింత బిగిసింది. ఇరాన్, సౌదీ పోటీ హజ్ దాకా వెళ్లింది. 1987లో మక్కాలో ఇరాన్ యాత్రికుల ప్రదర్శన ఘర్షణగా మారి 400 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే ప్రతి 10 లక్షల ముస్లిం జనాభాకు 1,000 మంది అనే హజ్ కోటా లెక్క వచ్చింది. ఇవాళ మన దేశానికి ఉన్న కోటా 1,75,025. బోనకల్ యాత్రికుడు హజ్ కమిటీ లాటరీలో చూసుకునే నంబర్ వెనక ఇంత రాజకీయం ఉంది.

మరి అంతా మతం వల్లేనా?

కాదు. ప్రపంచంలో ఎక్కువ మంది ముస్లింలు ఉన్న దేశం ఇండోనేషియా. అక్కడా ఆయిల్ పండింది. 1998లో సుహార్తో దిగిపోయాక అక్కడ క్రమం తప్పకుండా ఎన్నికలు జరుగుతున్నాయి. క్రైస్తవులు ఎక్కువగా ఉన్న వెనిజులా దగ్గర అపారమైన ఆయిల్ నిల్వలు ఉన్నాయి. అయినా అక్కడ ప్రజాస్వామ్యం, ఆర్థిక వ్యవస్థ రెండూ చతికిలబడ్డాయి. నార్వే మాత్రం ఆయిల్ డబ్బును ఫండ్‌లో దాచి, జనం దగ్గర పన్ను వసూలు చేస్తూనే ఉంది. ఎందుకంటే ఆయిల్ దొరికే నాటికే అక్కడ అడిగే పార్లమెంట్, లెక్క చెప్పే ప్రభుత్వం ఉన్నాయి.

సో, తేడా మతంలో లేదు. ఆయిల్ దొరికిన రోజున అధికారం ఎవరి చేతిలో ఉంది, వాళ్లను అడిగేవాళ్లు ఉన్నారా లేదా అన్నదే అసలు తేడా. ఇస్లాంను రాజు తన పాలనకు అండగా వాడుకున్నాడు. అదే ఇస్లాంను ఖొమైనీ రాజులను తప్పుపట్టడానికి వాడారు. జుహైమాన్ కూడా దాన్నే వాడాడు.

తెలుగు ఇళ్లలో దీని లెక్క ఏంటి?

1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసింది. నిజాం సైన్యంలోని అరబ్బుల కొలువులు పోయాయి. పాతికేళ్లు తిరిగేసరికి ఆయిల్ బూమ్ వచ్చింది. ఈసారి బార్కస్ కుర్రాళ్లు గల్ఫ్ విమానం ఎక్కారు. వాళ్లతో పాటు కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి రైతుబిడ్డలు వెళ్లారు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటి పనికి కువైట్ వెళ్లిన మహిళలు వేలల్లో ఉన్నారు. వీళ్లలో ముస్లింలే కాదు, హిందువులు, క్రైస్తవులు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు. బోర్లు ఎండిపోయిన ఊరికి గల్ఫ్ కూలి ఆసరా అయింది.

ఎక్కువ పని చేసేది బయటి దేశాల వాళ్లే అయినప్పుడు వాళ్లను అదుపులో పెట్టే ఏర్పాటు కావాలి. అదే కఫాలా. కఫీల్ అంటే పూచీదారు. వీసా, ఉండటానికి అనుమతి అన్నీ ఆయన పేరుతోనే. ఆయన ఒప్పుకోకపోతే పని మారడం కష్టం. కొన్ని దేశాల్లో ఇంటికి రావడానికి కూడా అనుమతి కావాల్సి వచ్చేది. పాస్‌పోర్ట్ లాక్కోవడం చట్టరీత్యా తప్పే అయినా అలాంటి ఫిర్యాదులు ఆగలేదు. 2020లో ఖతార్, 2021లో సౌదీ ఈ రూల్స్‌ను కొంత సడలించాయి. కానీ ఇంటి పనివాళ్లకు సౌదీ సడలింపులు అప్పుడు వర్తించలేదు.

ఇది మతం పెట్టిన రూల్ కాదు. ముస్లిం కార్మికుడికీ ఇదే కఫాలా, హిందూ కార్మికుడికీ ఇదే కఫాలా. అక్కడి పౌరుడికి ఆయిల్ డబ్బులో వాటా ఉంది, పాలకుడిని మార్చే ఓటు లేదు. వలస కార్మికుడికి రెండూ లేవు. మొత్తం డీల్‌లో సంతకం లేనిది అతనికే.

గొడవ వస్తే ముందు నష్టపోయేదీ అతనే. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1.7 లక్షల మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. ఏళ్ల తరబడి కూడబెట్టింది వదిలేసి ఇంటికొచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం రూ.5 లక్షల సాయం ఇచ్చేలా ఉత్తర్వులు ఇచ్చింది 2024 సెప్టెంబర్‌లో. వలసలు మొదలై అప్పటికి దాదాపు యాభై ఏళ్లు.

ఇప్పుడు ఏం మారుతోంది?

2014 తర్వాత ఆయిల్ రేట్లు పడిపోయాయి. పాత డీల్ ఇక నడవదని సౌదీకి అర్థమైంది. అక్కడి నుంచి ఏం జరిగిందో చూడండి:

2016: మత పోలీసులకు అరెస్ట్ చేసే అధికారం తీసేశారు. ఆయిల్ మీద ఆధారపడటం తగ్గించేందుకు 'విజన్ 2030' ప్రకటించారు.

2018: మహిళలకు డ్రైవింగ్ అనుమతి వచ్చింది. అదే ఏడాది 5 శాతం వ్యాట్ మొదలైంది.

2020: వ్యాట్ 15 శాతానికి పెరిగింది.

2022: ఫిబ్రవరి 22ను 'స్థాపన దినం'గా జరపడం మొదలుపెట్టారు. రాజ్యం మొదలైన ఏడాది 1727 అని చెప్పడం దీని ఉద్దేశం.

చివరి పాయింట్ గమనించారా? 1744 బదులు 1727. అంటే వహాబ్‌తో ఒప్పందం కంటే 17 ఏళ్ల ముందు. 'మమ్మల్ని నిలబెట్టింది మతపెద్దలు కాదు, మా వంశమే' అని చెప్పకనే చెప్పారు. మతం ఒడి నుంచి జాతీయత వైపు జరుగుతున్నారు. పన్ను వచ్చింది. మరి అడిగే హక్కు? అది మాత్రం ఇంకా రాలేదు. సినిమా హాళ్లు తెరుచుకున్నాయి, స్టేడియాలు నిండాయి. ప్రభుత్వాన్ని విమర్శించినవాళ్లకు జైలు శిక్షలు మాత్రం ఆగలేదు.

గల్ఫ్ వెళ్లేవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి

పదో తరగతి పాస్ కానివాళ్లకు గల్ఫ్ దేశాల్లో పనికి వెళ్లే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. విజిట్ వీసా మీద పంపిస్తామనే ఏజెంట్‌ను నమ్మొద్దు. ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో కేంద్రం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చెక్ చేసుకోవచ్చు. ప్రవాసీ భారతీయ బీమా యోజన తీసుకోవాలి. కాంట్రాక్ట్, వీసా, పాస్‌పోర్ట్ కాపీలు ఇంట్లో ఒక సెట్ పెట్టాలి. అక్కడ ఇబ్బంది వస్తే భారత ఎంబసీకి, 'మదద్' పోర్టల్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

మళ్లీ బోనకల్‌కు వస్తే..

మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే. ప్రపంచ ఆయిల్‌లో దాదాపు ఐదో వంతు ఇరాన్ పక్కనున్న హోర్ముజ్ జలసంధి మీదుగానే వెళ్లేది. అక్కడ ఓడలకు ఇబ్బంది వస్తే పత్తి చేనులో ట్రాక్టర్ తోలే రైతుకు, ఖమ్మం మార్కెట్‌కు మిర్చి బస్తాలు వేసుకెళ్లే డ్రైవర్‌కు డీజిల్ ఖర్చు భయం పట్టుకుంటుంది. ఆయన ఏ మతం వాడన్నది బంకులో మీటర్‌కు అక్కర్లేదు.

అదే ఊళ్లో ఒక పెద్దాయన రుబాత్ లాటరీకి పేరు ఇచ్చి ఎదురుచూస్తుండొచ్చు. ఆ సత్రం ఆయన పూర్వీకుల పాలకుడు ఇచ్చింది. కానీ అందులో హాజీలను దించాలంటే ఇవాళ సౌదీ ప్రభుత్వం అనుమతి కావాలి. మసీదు విస్తరణలో పాత రుబాత్ భవనాలు కొన్ని ఇప్పటికే పోయాయి. ఒకప్పుడు ఇచ్చిన చెయ్యి హైదరాబాద్‌ది, ఇప్పుడు అనుమతి ఇచ్చే చెయ్యి రియాద్‌ది. మధ్యలో మతం మారలేదు. కాబాకు వెళ్లే దారీ మారలేదు. మారింది డబ్బు ఎవరి దగ్గరుందన్నదే.